సగం నల్లటి సున్నా

“అందులో ఎవరి పేరూ లేదు మాషీ. పేర్లన్నీ తీసేసే పెట్టాం.”

“ఇంటిపేరు ఉన్నాది సార్.”

“ఇంటిపేరు పేరెలా అవుతుంది? దాస్ అని రాస్తే ఏ దాసో ఎవరికి తెలుస్తుంది?”

“మీ దాసులు వీధివీధికీ ఉంటారు. మా ఇంటిపేర్లు అలగ కాదు. ఆ పేరు ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తానికి ఒక్క ఇంటిదే. అది రాస్తే ఆల తలుపు మీద నంబరు రాసినట్టే.”

“ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.”

“మీరెవర్నీ అడగలేదు.”

పెద్దసారుతో నేను గొంతు పెంచి మాట్లాడింది ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్క సాయంత్రమే. ఆయన జీవశాస్త్రంలో పెద్ద చదువులు చదివి, దేశాలు తిరిగి వచ్చిన మనిషి. నేను రైల్వే వారి తెలుగు బడిలో మూడో తరగతితో ఆగిపోయిన దాన్ని. ఆయన లాబులో గాజుసామాను కడగడం, టీ కాచడం నా పని. వయసు మీరిన పనివాళ్ళని బెంగాలీలు మాషీ అంటారు, పిన్ని అని. ఆయనా అలాగే పిలిచేవాడు. మేం మాట్లాడుకున్నది సగం బెంగాలీ, సగం హిందీ. కానీ కోపంలో ఏ భాషలో మాట్లాడినా నాకు అది మా యాసలోనే గుర్తుంటుంది, అందుకని నా మాటలు అలాగే రాస్తున్నాను.

ఆ సంస్థ పేరు రాయను. మా ఖరగ్‌పూర్ హిజ్లీలో ఉన్న పెద్ద కాలేజీ మాత్రం కాదు. ఊరికి ఇంకో పక్కన చిన్న పరిశోధన సంస్థ. మనుషుల పేర్లు కూడా రాయను. ఆ ఇంటిపేరు అసలే రాయను. రాస్తే ఆ చార్టు నేను మళ్ళీ గోడకు తగిలించినట్టే.

కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. రిటైరయ్యాను, మోకాళ్ళు అరిగాయి, కోపం అరగలేదు. మన కాలనీ పిల్లలు కొందరు ఇప్పుడు బయాలజీ చదువుతున్నారు. రేపు మీరూ తెల్లకోటు వేసుకుని ఎవరి గుమ్మంలోనో నిలబడి చెయ్యి చాపమంటారు. అందుకే ఇది మీకు.

నా పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గొట్టాలు, ఫ్లాస్కులు సబ్బుతో కడిగి, పంపు నీళ్ళతో కడిగి, ఆఖర్న శుద్ధి చేసిన నీళ్ళతో ఒకసారి తొలవాలి. ఆ నీళ్ళు తయారవడానికి ఎంత కరెంటు తింటాయో చూసినదాన్ని కనుక చుక్క పారబోయనిచ్చేదాన్ని కాదు. కుర్ర స్కాలర్లు ఆ నీళ్ళతో చేతులు కడుక్కోబోతే ఊరికే వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. వాళ్ళే కుళాయి దగ్గరకు పోయేవారు. సబ్బు బిళ్ళ అరిగిపోయాక ఆ ముక్కను కొత్త బిళ్ళకు అంటించేదాన్ని. నన్ను పిసినారి మాషీ అనేవారని తెలుసు. అననీ.

లాబులో నాకు ఎక్కువ తెలిసింది గొట్టాల దగ్గర కాదు, టీ దగ్గర. టీ తెచ్చిన మనిషి ముందు ఎవరూ మాటలు ఆపరు. గోడ ముందు ఆపనట్టే. సాయంత్రం టీ వేళకు ముగ్గురు కూర్చునేవారు. పెద్దసారు, వరి మొక్కల మీద పనిచేసే నడిమి సారు, ఒడిశా నుంచి వచ్చిన చిన్న మేడమ్. మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు ఏది తగును, ఏది తగదు అని వాళ్ళు చాలాసార్లు వాదించుకున్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, వేడెక్కాక బెంగాలీలోకి దిగేవారు. బెంగాలీలోకి దిగగానే నాకు అర్థమయ్యేది.

పెద్దసారు మాట ఎప్పుడూ ఒకటే. ప్రశ్న అడగడం తన వంతు, జవాబు చెప్పడం ప్రకృతి వంతు, ఆ జవాబుతో జనం ఏం చేసుకుంటారో అది జనం వంతు. కత్తి చేసినవాడు ఉల్లిపాయ ఎవరు కోస్తారు, వేలు ఎవరు కోసుకుంటారు అని కూర్చుని ఆలోచిస్తే కత్తే తయారు కాదనేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. జనం ఏమనుకుంటారో అని భయపడి పేదవాళ్ళ జబ్బుల జోలికి పోకపోతే, మందులన్నీ డబ్బున్నవాళ్ళ జబ్బులకే వస్తాయని కూడా అనేవాడు. అది నిజమే అనిపించేది నాకు.

నడిమి సారు నవ్వులాటగా తేల్చేసేవాడు. నీతి అంటే ఒక కాగితాల కట్ట, కమిటీ స్టాంపు వేసిందంటే నీతి పూర్తయింది, ఇక పని మొదలుపెట్టుకోవచ్చు అనేవాడు. తన వరి మొక్కలు కోర్టుకు వెళ్ళవు కనుక తాను సుఖంగా ఉన్నానని చెప్పి, ఇంకో బిస్కెట్ తీసుకునేవాడు.

చిన్న మేడమ్ ఒక్కతే వేరేగా మాట్లాడేది. మనకి రక్తం ఇచ్చినవాళ్ళ దగ్గరకి తిరిగి వెళ్ళి ఏం తేలిందో చెప్పాలి కదా అనేది. మీటింగులో కూడా అడిగిందట. అది సమాజశాస్త్రం వాళ్ళు చూసుకోవలసిన విషయం, మనది బయాలజీ అన్నారట. ఆ సమాజశాస్త్రం వాళ్ళు మా సంస్థలో ఒక్కరూ లేరు. అంటే లేని మనుషులకు ఆ పని అప్పగించారన్నమాట.

ఇంకోటి చెప్పాలి. మా వరండా చివర ఎలుకల గది ఉండేది. దాని తలుపు పక్క గోడకు బెంగాలీలో, ఇంగ్లీషులో నోటీసు అంటించి ఉండేది. ఊళ్ళో బోర్డులు చూసి నేర్చుకున్న బెంగాలీతో నేను దాన్ని కూడబలుక్కున్నాను. ఎలుకను పట్టుకునేటప్పుడు బెదరగొట్టరాదు, దానికి అనవసరమైన బాధ కలిగించరాదు, తోటి ఎలుకల కళ్ళముందు సూది పొడవరాదు. తోటి ఎలుకల కళ్ళముందు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

పెద్దసారు పరిశోధన పుట్టు చెవుడు మీద. మన తెలుగువాళ్ళలో మేనరికాలు ఎక్కువ కదా. ముత్తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబాలు మేనమామ కొడుకు, మేనత్త కూతురు అంటూ చేసుకునే ఆనవాయితీ ఇక్కడ కూడా వదల్లేదు. అందువల్ల కొన్ని ఇళ్ళల్లో ఒకే లోపం తిరిగి తిరిగి వస్తుందేమో చూడాలని ఆయన పని. ఆ పనికి మా రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ ఆయనకు దొరికింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు దారి చూపించడానికి నేను దొరికాను.

చిన్న మేడమ్‌ను వెంటబెట్టుకుని సందుసందూ తిరిగాను. ముందు అందరూ తలుపులు దగ్గరగా వేసుకున్నారు. నన్ను చూసి తెరిచారు. మా పక్క క్వార్టర్స్ ఆవిడ అందరికంటే ముందు చెయ్యి చాచింది. ఆవిడది మేనరికమే. కొడుక్కి పుట్టుకతో వినబడదు. వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు, చేతి పని బంగారం. కూతురికి బాగా వినబడుతుంది. గోల్ బజార్‌లో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. అన్నకు లోకంలో ఎవరు ఏమన్నా ఈ పిల్లే చేతులతో చెప్పేది. వీధిలో గొడవ జరిగినా, టీవీలో వార్తలు వచ్చినా, ఆ చేతులు కదులుతూనే ఉండేవి.

ఆ పిల్లకు వాళ్ళ మేనమామ కొడుకుతో చిన్నప్పుడే అనుకున్నారు. డీజిల్ షెడ్డులో ఫిట్టరు. ఇక్కడ అనుకోవడం పెద్దవాళ్ళ ఒక్కళ్ళదే కాదు, వాళ్ళిద్దరిదీ కూడా. ఆ అబ్బాయి కూడా రక్తం ఇచ్చాడు. సూది చూసి మొహం తిప్పుకుంటే ఈ పిల్ల ఒకటే నవ్వింది.

సూది తీశాక దూది అదుముకుని ఆ పిల్ల మేడమ్‌ను ఒక్కటే అడిగింది.

“ఇందులో ఏటి తేల్తాదో మాకు సెప్తారా మేడమ్? మాకు పెళ్ళయితే పుట్టేవోళ్ళకి ఇనబడతాదో లేదో తెలుస్తాదా?”

మేడమ్ తప్పకుండా చెప్తామంది. మనసులో మాటే అంది, మొహం చూస్తే తెలుస్తుంది. శీతాకాలం పోయింది, ఎండలు వచ్చాయి, మళ్ళీ శీతాకాలం వచ్చింది. పంపు దగ్గర కనబడినప్పుడల్లా ఆ పిల్ల, “ఆమ్మా, ఏటైనా తేలినాదా?” అని అడిగేది. నన్ను ఆమ్మా అనేది, పెద్దమ్మ వరస. పెళ్ళి మాట ఎత్తితే ఇంకొన్నాళ్ళు ఆగుదామని ఇద్దరూ ఆపుతూ వచ్చారు. జవాబు కోసమే ఆగారని పెద్దవాళ్ళకు తెలీదు. నాకు తెలుసు. నేను మేడమ్‌ను అడిగేదాన్ని. మేడమ్ గ్లాసులోకి చూస్తూ, “ఇంకా సార్ ఏమీ అనలేదు మాషీ” అనేది. తేలింది. తేలినట్టు మేడమ్‌కు తెలుసు. అది నాకు తర్వాత తెలిసింది.

ఏటా ఒక రోజు సంస్థ తలుపులు ఊరికి తెరుస్తారు. గోడలకు చార్టులు, బల్లల మీద సూక్ష్మదర్శినులు, బడి పిల్లల కేకలు. ఆ ఏడు పెద్దసారు నన్ను పిలిచి, రక్తం ఇచ్చినవాళ్ళందర్నీ తప్పకుండా రమ్మని చెప్పు మాషీ, వాళ్ళ వల్లే కదా ఈ పని జరిగింది, టీ, సింగారా ఏర్పాటు చేస్తున్నాం అన్నాడు. సింగారా అంటే సమోసా. మర్యాదకే అన్నాడు. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. మన ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని, పౌడర్లు రాసుకుని, టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, మాట్లాడుకుని వచ్చారు. సైన్సువాళ్ళు పిలిచారని కొందరు మొగుళ్ళను కూడా లాక్కొచ్చారు.

నేను టీ బల్ల దగ్గర ఉన్నాను. ఎలుకల గది పక్క గోడ ఖాళీగా ఉంటే ఈ చార్టు అక్కడ తగిలించారు. పెద్దది, నిగనిగలాడేది. చదరాలు మగవాళ్ళు, సున్నాలు ఆడవాళ్ళు. నల్లగా నింపితే వినబడనివాళ్ళు. సగం నలుపు పూస్తే వినబడుతుంది కానీ లోపం లోపల మోస్తున్నవాళ్ళు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటిపేరు. మనుషుల పేర్లు తీసేసి ఇంటిపేరు ఎందుకు ఉంచారంటే, అది బెంగాలీలు పేరు చివర పెట్టుకునే ‘పదవి’ లాంటిది, ఊళ్ళకు ఊళ్ళు పంచుకునేది అని పెద్దసారు అనుకున్నాడు. ఏ శాఖవారో తెలిస్తే శాస్త్రానికి మంచిదనుకున్నాడు. అన్ని దేశాలు తిరిగిన మనిషి ఓవర్‌బ్రిడ్జి దాటి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోకి ఒక్కసారి కూడా రాలేదు. వచ్చి ఉంటే మొదటి సందులోనే తెలిసేది, మాలో ఇంటిపేరు చెబితే చిన్న పిల్లాడు కూడా ఇంటిదాకా తీసుకెళ్ళి దింపుతాడని.

చార్టు ముందు ఒక స్టూడెంటు పుల్ల పట్టుకుని హిందీలో చెబుతున్నాడు. హుషారైన కుర్రాడు, పొద్దున్నుంచి గొంతు ఎండిపోయేలా చెబుతున్నాడు, అతని మీద నాకేమీ లేదు. ఆ గుంపులో ఆ ఫిట్టరు అబ్బాయి తల్లి ఉంది. అంటే ఆ పిల్లకు అత్త. పదో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు గబగబా చదువుతుంది. పైన ఇంటిపేరు చదివింది. చదివి, ఈ సగం నల్లటి సున్నా ఎవరు బాబూ అని అడిగింది. కుర్రాడు సంతోషంగా పుల్ల పెట్టి చూపించాడు. ఈ నల్ల చదరం వినబడని అబ్బాయి, ఈ సున్నా అతని చెల్లెలు, సొంతవాళ్ళలో పెళ్ళి చేసుకుని ఇద్దరికీ ఈ లోపం ఉంటే పిల్లలకు రావచ్చు, అందుకే ఇలాంటి చుట్టరికాలు ప్రమాదం అని చెప్పాడు.

ఆ పిల్ల అక్కడే ఉంది. అత్త వెనకాలే, చేతిలో సింగారా ప్లేటు పట్టుకుని. పక్కన అన్న. అందరూ ఒక్కసారి తమ వైపు తిరగడం చూసి వాడు చెల్లెలి భుజం తట్టి, ఏమంటున్నాడు అని చేత్తో అడిగాడు. లోకంలో ప్రతి మాటా వాడికి చెప్పే పిల్ల ఆ మాట చెప్పలేదు. చేతిలో ప్లేటు ఉంది కనుక చెప్పలేదన్నట్టు ప్లేటు ఇంకా గట్టిగా పట్టుకుంది.

అత్త తన ఆడపడుచు వైపు, అంటే ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది.

“ఒదినా, ఇది నీకు ముందే తెలుసేటి?”

“నాకేటి తెలుసు. నానూ ఇప్పుడే సూస్తన్నాను.”

“ఇంట్లోవోళ్ళకి తెలకుండా గోడెక్కినాదా? నవ్వుతారు ఇంటే.”

అని ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనక కాలనీ వాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. కొందరు తమ ఇంటిపేరు ఎక్కడైనా ఉందేమోనని మిగతా గోడలు చూసుకుంటూ కదిలారు. తోటి ఎలుకల కళ్ళముందు సూది పొడవరాదన్న నోటీసు ఆ చార్టుకు జానెడు దూరంలో ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు. ఏళ్ళ తరబడి ఆ గోడ తుడుస్తున్న నేను చదివాను. చదివి, టీ గిన్నె కింద స్టవ్ ఆపి, పెద్దసారు గదికి వెళ్ళాను. ఆ పిల్ల నా వెంట వచ్చింది. నేను రమ్మనలేదు. ఆయన అప్పుడే బయటికి వస్తుంటే వరండాలో నిలబెట్టేశాను. అక్కడ మొదలైన మాటలే మొదట రాసినవి.

 మీరెవర్నీ అడగలేదు అన్నాక ఆయన మెల్లగా, చదువు చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు. అందులో అబద్ధం ఏముంది అన్నాడు. ఆ పెళ్ళి జరిగి చెవిటి బిడ్డ పుడితే నీకు సంతోషమా, తెలియడం మంచిదే కదా అన్నాడు.

“తెలియడం మంచిదే సార్. నాను కాదన్నానా? ఆ గుంట రక్తం ఇచ్చిన రోజే అడిగినాది సెప్పండని. దానికి సెప్పలేదు. ఊరికి సెప్పినారు.”

“దానికి చెప్పకూడదు మాషీ. రూలు ఉంది. మాది ఆసుపత్రి కాదు, పరిశోధన లాబు. గొట్టాలు మారిపోవచ్చు, పొరపాటు ఉండొచ్చు. మనిషి జీవితం గురించి చెప్పాలంటే ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేసి చెప్పాలి. ఇది ఆ అమ్మాయి మంచికే పెట్టిన రూలు.”

“పొరపాటుండొచ్చని మీరే అంటన్నారు. అంత నమ్మకం లేంది గోడకి ఎలగెట్టినారు?”

దానికి ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. “శాస్త్రానికి అది సరిపోతుంది మాషీ. ఒక మనిషికి చెప్పడానికి సరిపోదు.”

బయాలజీ చదువుతున్న పిల్లలూ, ఈ మాట మీకు తప్పుగా అనిపించకపోవచ్చు. మీ పుస్తకాల లెక్కలో ఇది సరైన మాటే అయి ఉండొచ్చు. ఆయన నన్ను మోసం చేయాలని అనలేదు. నమ్మి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. అబద్ధం చెప్పేవాడు ఎప్పుడో ఒకప్పుడు తలదించుకుంటాడు. నమ్మినవాడు తలెత్తుకునే ఉంటాడు.

అప్పటికి నడిమి సారు, చిన్న మేడమ్ కూడా వరండాలోకి వచ్చారు. నడిమి సారు పెద్దసారు భుజం మీద చెయ్యి వేసి, ఎందుకు దాదా గొడవ, కాలనీ వాళ్ళు ఫిర్యాదు చేస్తే కమిటీకి జవాబు చెప్పుకోవాలి, తీసి పడెయ్యండి అన్నాడు. ఆ అమ్మాయి గురించి కాదు, కమిటీ గురించి. పెద్దసారు విసురుగా వెళ్ళి చార్టు మేకుల మీంచి లాగి, చుట్ట చుట్టి, చంకలో పెట్టుకున్నాడు.

“తీసేశాను. ఠీక్ హై? ఇక చాలా?”

నాకు ఒక్క క్షణం గెలిచినట్టే అనిపించింది. ఇన్నేళ్ళ నౌకరీలో ఒక పెద్దసారు నా మాట మీద గోడ మీంచి ఒకటి తీశాడు. అప్పుడు నా వెనక నిలబడ్డ పిల్ల ముందుకు వచ్చింది. ఏడవలేదు. హిందీలో అడిగింది, తప్పుల్లేకుండా, దుకాణంలో ఖరీదుదారుతో మాట్లాడినట్టు.

“నాది తెలిసిపోయింది సార్. ఊరందరికీ తెలిసింది. మా బావ రక్తం కూడా మీ దగ్గరే ఉంది. అతనికి కూడా ఈ లోపం ఉందా, లేదా? ఇద్దరికీ ఉంటేనే పిల్లలకు వస్తుందని మీ కుర్రాడే చెప్పాడు. నాకు ఆ ఒక్క మాట చెప్పండి.”

పెద్దసారు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ నేల వైపు చూసింది. ఆ చూపుల్లోనే నాకు అర్థమైంది, ఆ జవాబు వాళ్ళిద్దరి దగ్గరా ఉందని. చాలా కాలంగా ఉందని. పంపు దగ్గర ఆ పిల్ల అడిగిన ప్రతిసారీ అది ఉంది.

“చెప్పకూడదు అమ్మా” అన్నాడు ఆయన. “అందులోనూ ఇంకొకరి సంగతి అసలే చెప్పకూడదు. అది అతని సొంత విషయం.”

సొంత విషయం. చంకలో ఆ చార్టు పెట్టుకుని ఆ మాట అన్నాడు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాను.  

గేటు దగ్గర చిన్న మేడమ్ పరిగెత్తుకుంటూ వచ్చి మమ్మల్ని ఆపింది. కలకత్తాలో పుట్టు చెవుడు పిల్లల కుటుంబాలను చూసే ఆసుపత్రి ఉందట, అక్కడ పరీక్ష చేసి, ఎదురుగా కూర్చోబెట్టి, అన్నీ విడమరిచి చెబుతారట. ఏ వారాల్లో చూస్తారో, హౌరాలో దిగి ఎలా వెళ్ళాలో చెప్పింది. నేను మేడమ్‌నే చూస్తున్నాను. ఇది ఈ సాయంత్రం పుట్టిన ఆసుపత్రి కాదు కదా.

“ఇది మీకు ముందు నుంచీ తెలుసా మేడమ్?”

“తెలుసు మాషీ. సార్ ఒప్పుకోకుండా ఎలా చెప్పను? నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నేను చెప్పానని ఎవరితో అనకు.”

పెద్దసారు మీద వచ్చిన కోపం ఒక రకం. ఆయనకు తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఈవిడ మీద వచ్చింది ఇంకో రకం. టీ బల్ల దగ్గర అంత చక్కగా మాట్లాడిన మనిషి. తిరిగి వెళ్ళి చెప్పాలి కదా అన్న మనిషి. మంచి ఆలోచన ఉంది, మంచి మనసు ఉంది, ఆ రెండింటినీ టీతో పాటు తాగేసి గ్లాసు నాకు కడగడానికి ఇచ్చింది. ఆ ఆసుపత్రి పేరు చెప్పడానికి ఒక ఆడపిల్ల గుంపులో సింగారా ప్లేటు పట్టుకుని నిలబడేదాకా ఆగాలా? మేడమ్ ఏడుస్తోంది. నేను ఓదార్చలేదు. టోటో ఎక్కేశాం.

దారిలో ఆ పిల్ల బావకు ఫోన్ చేసింది. తల్లి అప్పటికే అంతా చెప్పేసినట్టుంది. అతను ఏమన్నాడో నాకు వినబడలేదు. ఈ పిల్ల చాలాసేపు విని, ఒక్క మాట అంది.

“మీ అమ్మ మాటా వద్దు, ఆ గోడ మాటా వద్దు. రేపు నాతో వస్తావా, రావా? అది సెప్పు.”

ఇంటికి వెళ్ళాక నేను పక్కింటికి వెళ్ళలేదు. ఆవిడ కూడా బయటికి రాలేదు. పిండి కలుపుకుని రొట్టెలు కాల్చి, బంగాళదుంప వేపుడు చేసి, డబ్బాలో సర్దాను. స్టేషన్లో కొనుక్కుని తినడం నాకు ఇష్టం ఉండదు.

మర్నాడు పొద్దున్న నేను పనికి వెళ్ళలేదు. సెలవు కూడా చెప్పలేదు. నేను, ఆ పిల్ల హౌరా లోకల్‌కు స్టేషన్‌కు వెళ్ళేసరికి ఫిట్టరు అబ్బాయి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. డ్యూటీ బట్టల్లో ఉన్నాడు. ఇంట్లో షెడ్డుకు వెళ్తున్నానని చెప్పి వచ్చాడట. దారి పొడుగునా ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. పాన్‌స్కురా స్టేషన్ దగ్గర డబ్బా తీసి రొట్టెలు పెడితే తిన్నారు.

ఆసుపత్రిలో లైను పెద్దది. మా వంతు వచ్చాక ఒక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఎవరెవరికి వినబడదు, ఎవరు ఎవర్ని చేసుకున్నారు అని అడిగి, కాగితం మీద చదరాలు, సున్నాలు గీసింది. ఆ గీతలు చూసి ఆ పిల్ల కుర్చీలో వెనక్కి జరిగింది. డాక్టరమ్మ అది చూసి, ఈ కాగితం మీ ఫైల్లోనే ఉంటుంది అని, గీయడం పూర్తి చేసింది. తర్వాత రక్తం ఇమ్మని పక్క గదికి పంపింది.

ఆ గది ముందు బెంచీ మీద కూర్చుని నేను ఒకటే అనుకున్నాను. వీళ్ళిద్దరి రక్తం ఖరగ్‌పూర్‌లో ఫ్రిజ్‌లో ఉంది. పరీక్ష అయిపోయి, జవాబు వచ్చేసి ఉంది. ఉన్నదాన్ని వాడకుండా మళ్ళీ తీయడం నాకు చూడడానికి కూడా మనసు ఒప్పలేదు. లాబులో శుద్ధి చేసిన నీళ్ళు పారబోయబోతేనే వెళ్ళి పక్కన నిలబడేదాన్ని, ఇక్కడ నిలబడి చూడలేక తల తిప్పుకున్నాను.

నర్సు రబ్బరు పట్టీ తీసి చెయ్యి చాపమంది. ఆ పిల్ల చాపలేదు. ముందు అడిగింది.

“ఇందులో ఏం తేలుతుందో నాకు చెప్తారా?”

నర్సుకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. నర్సు నవ్వలేదు, విసుక్కోలేదు. పనిలో ఉన్న మనిషి చెప్పినట్టు చెప్పింది.

“నీ రక్తం కదా. నీకు చెప్పక ఎవరికి చెప్తాం?”

ఆ పిల్ల చెయ్యి చాపింది. ఆమె అయ్యాక అతను కూర్చున్నాడు. ఈసారి మొహం తిప్పుకోలేదు.